పట్టీ వెనక వైరు, వైరు పక్కన దూది

పోయిన పత్తి సీజన్‌లో ఒకరోజు రాత్రి పదకొండు దాటినాక మా చిన్నోడు ఫోన్ చేసినాడు. "నాయనా, బండ్లో రబ్బరు కాలిన వాసన వస్తాంది. ఏం చేయమంటావు?" అని అడిగినాడు. దేవదుర్గ వైపు ఒక పల్లె నుంచి పత్తి బోరాలు ఎత్తుకొని రాయచూరు గంజ్‌కు వస్తున్నాడు. అప్పటికి గబ్బూరు దాటినాడు. పికప్ నిండా పత్తి. పక్క సీట్లో పత్తి రైతు, ఆయన కొడుకు.

నేను నూలు మిల్లులో ముప్పై నాలుగేండ్లు పనిచేసినవాణ్ణి. పత్తి అనే మాట, కాలిన వాసన అనే మాట ఒక్కసారే చెవిన పడితే నాకు కాళ్లు నిలవవు. "బండి పక్కకు తీసి ఆపు. తాళం తియ్యి. ముందు మనుషుల్ని దింపు. బానెట్ ఎత్తి బ్యాటరీ మైనస్ వైరు ఊడబీకు" అన్నాను. పది నంబరు పానా ఎక్కడుందో తెలియక వాడు వెతుకుతుంటే ఈడ నాకు చెమటలు పట్టినాయి. కొంచెంసేపటికి "ఊడింది నాయనా, వాసన తగ్గింది" అన్నాడు. అప్పుడు మంచం మీద కూర్చున్నాను.

ఆ రైతు దిగినాక ఏం చేసినాడో మావాడు తర్వాత చెప్పినాడు. తన సంచి, ఫోను ఏవీ చూసుకోలేదంట. చీకట్లో బండి వెనక్కి ఎక్కి ఒక్కొక్క బోరాలో చేయి పెట్టి వేడి ఉందేమోనని తడిమి చూసినాడంట. ఏడాది కష్టం ఆ బోరాల్లో ఉంది. తెల్లారేదాకా ముగ్గురూ రోడ్డు పక్కనే కూర్చొని, పొద్దున ఇంకో బండి తెప్పించి సరుకు గంజ్‌కు చేర్చినారు. ఆ కిరాయి మేమే పెట్టుకున్నాము.

మన మిల్లు కుటుంబాల్లో ఇప్పుడు ఇట్లాంటి బండ్లు చాలా ఉన్నాయి. మన తరంలో తండ్రి మిల్లుకు పోతే కొడుకూ మిల్లుకే పోయేవాడు. ఇప్పుడు అట్ల లేదు. 2005లో టాటా ఏస్ వచ్చినాక చిన్న ఊళ్లల్లో కూడా చిన్న సరుకు బండ్లు పెరిగినాయి. తర్వాత పెద్ద పికప్పులు వచ్చినాయి. మన పిల్లలు ఫైనాన్సులో బండి తీసి పత్తి, వడ్లు, మిరపకాయలు, కూరగాయలు తోలుకుంటున్నారు. కంతు కట్టేదాకా బండి ఫైనాన్సోళ్లది, కష్టం మనది. అందుకే ఆ రాత్రి సంగతి, తర్వాత మేము బండి లోపల విప్పి చూసిన సంగతి ఈ పత్రికలో రాస్తున్నాను. నేను ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. తప్పులుంటే సర్దుకొని చదవండి.

బండి కొత్తగా వచ్చినప్పుడు దాంట్లో పెద్దగా ఏమీ ఉండదు. మావాడికి మంచు లైట్లు కావాలె, పాటల డబ్బా కావాలె, ఫోను చార్జింగ్ కావాలె, క్యాబిన్‌లో నీలం లైటు పట్టీ కావాలె. రాత్రి పగలు ఒక్కడే తిరిగేవాడు, వాటిని సోకు అనలేము. ఫోను లేకుంటే కిరాయి దొరకదు, పాట లేకుంటే నిద్ర వస్తుంది. ఇద్దరం కలిసి ఒక షాపుకు పోయినాము. షాపులో పిల్లోడు చకచకా ప్లాస్టిక్ పట్టీలు పీకి, వైర్లు లోపలికి తోసి, మళ్లీ పట్టీలు గుద్ది కూర్చోబెట్టినాడు. రెండు గంటల్లో పని అయిపోయింది. పైకి చూస్తే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండె.

తెల్లారి బండిని ఇంటికి తెచ్చి వేపచెట్టు కింద నిలబెట్టినాము. మిల్లులో నాతో పనిచేసిన వైర్‌మ్యాన్ మేస్త్రి ఇప్పుడు డెబ్బై దాటినాడు, ఆయన్నీ పిలిచినాను. ఎడమ పక్క సీట్లో కూర్చున్నవాళ్లు కాళ్లు పెట్టుకునే చోట, తలుపు పక్కన ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. అది తీసినాము. నల్లగా కాలిన వైరు. పుల్ల మాదిరి సన్నటి వైరు, రేకు అంచు మీద ఒరుసుకొని పైతోలు తెగిపోయి, లోపలి రాగి కనపడుతోంది. దాని చుట్టూ ఒక గుప్పెడు దూది.

అవును, దూదే. సీజనంతా పత్తి తోలిన బండి. తలుపు తీసి వేసినప్పుడల్లా దూది పింజలు ఎగిరి లోపలికి వచ్చి సందుసందులో చేరినాయి. మిల్లులో రింగ్ ఫ్రేమ్ కింద చేరే దుమ్ముదూది ఎట్ల ఉంటుందో అట్లనే ఉండె. కొంచెం దూది అంచున గోధుమ రంగుకు తిరిగింది. మేస్త్రి దాన్ని వేళ్లతో నలిపి నా చేతిలో పెట్టినాడు. ఏమీ మాట్లాడలేదు.

ఆయన ఎందుకు మాట్లాడలేదో మా ఇద్దరికీ తెలుసు. నేను డాఫర్‌గా ఉన్న రోజుల్లో మా ఖాతాలో ఒక రాత్రి షిఫ్టులో నిప్పు లేచింది. లైటు వైరుకు వేసిన అతుకు వదులై చిటచిటమంది. పైన కడ్డీల మీద పేరుకున్న దూది అందుకుంది. పత్తి మంట నిలబడి మండదు, దూది ఎంతదూరం ఉంటే అంతదూరం పరుగెత్తుతుంది. ఖాతా ఈ కొస నుంచి ఆ కొసకు ఎట్ల పోయిందో కన్ను మూసి తెరిచేలోగా పోయింది. ఇసుక, నీళ్లు పోసి ఆర్పినాము గానీ ఒకాయన చెయ్యి కాలింది. బ్లో రూములో పత్తి పోయే గొట్టాల్లో అయస్కాంతాలు పెట్టేది కూడా ఇందుకే. పత్తిలో ఒక ఇనుప ముక్క వచ్చి మిషన్‌కు తగిలి నిప్పురవ్వ లేస్తే చాలు. పైకి ఆరినట్టు కనపడినా బేలు నడుమ నిప్పు కుంపటి మాదిరి చాలాసేపు దాక్కొని ఉంటుంది. ఇవన్నీ తెలిసిన మనిషిని నేను. నా ఇంటి బండ్లోనే దూది పక్కన రాగి తీగె బయటపడి ఉంది.

మావాడు షాపు పిల్లోణ్ణి తిట్టడం మొదలుపెట్టినాడు. అప్పుడు నేను చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు షాపులో ఆ పిల్లోడు నన్ను పక్కకు పిలిచి, "తాతా, రిలే, ఫ్యూజ్, లావు వైరు వేస్తే ఇంకో ఏడెనిమిది వందలు అవుతుంది, వేయమంటావా?" అని అడిగినాడు. మావాడు అప్పుడు టీకి పోయినాడు. "వద్దులే నాయనా, వెలిగితే చాలు" అన్నది నేనే. మొదటి కంతు కట్టాల్సిన నెల అది. ఏడు వందలు మిగిలినాయని సంబరపడినాను. ఈ మాట చెప్తే మావాడు నా ముఖం చూసి, "సరేలే నాయనా, ఇప్పుడు ఎట్ల చేయాలో అది చెప్పు" అన్నాడు. మేస్త్రి చెప్పినాడు, మేమిద్దరం చేసినాము. ఆ చెప్పిందే కింద రాస్తున్నాను.

ముందు లెక్క తెలియాలె. ఇంట్లో కరెంటు 230 వోల్టులు, బండ్లో 12 వోల్టులు. 12 వోల్టులు ముట్టుకుంటే షాక్ కొట్టదు కదా అని మనం తేలిగ్గా తీసుకుంటాము. అక్కడే మోసపోతాము. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఇంట్లో 100 వాట్ల బల్బుకు అర ఆంపియర్ కూడా పట్టదు. అదే 100 వాట్లు బండ్లో వెలగాలంటే ఎనిమిది ఆంపియర్ల పైన పారాలె. వైరును వేడిచేసేది ఆంపియర్లే. మా మంచు లైట్లు ఒక్కోటి 55 వాట్లు. రెండు కలిపితే 110, పన్నెండుతో భాగిస్తే తొమ్మిది ఆంపియర్లకు పైమాట. పాటల డబ్బా కూడా అదే వైరుకు తగిలించినారు. సన్నటి వైరు అంత మోయలేదు. వేడెక్కి తోలు మెత్తబడుతుంది. మెత్తబడిన తోలును రేకు అంచు కత్తి మాదిరి కోస్తుంది.

రెండోది ఫ్యూజ్. ఫ్యూజ్ లైటును కాపాడేదానికి అనుకుంటాము. అది కాపాడేది వైరును. బ్యాటరీ ప్లస్ నుంచి వైరు బయలుదేరినాక జానెడు లోపలే ఫ్యూజ్ ఉండాలె. ఆ జానెడు దాటినాక వైరు ఎక్కడ రేకుకు తగిలినా ఫ్యూజ్ తెగి కరెంటు ఆగుతుంది. ఫ్యూజ్ లేకుంటే బ్యాటరీలో ఉన్న బలమంతా ఆ ఒక్క తీగెలో పారి ఎర్రగా కాలుతుంది. మా లైట్లకు 15 ఆంపియర్ల ఫ్యూజ్, రెండున్నర స్క్వేర్ ఎంఎం వైరు వేసినాము. ఫ్యూజ్ మాటిమాటికి తెగుతుంటే పెద్దది వేయడం, సిగరెట్ కాగితం చుట్టి పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. తెగుతుందంటే ఎక్కడో లోపం ఉందని అది మనకు చెప్తున్నట్టు.

మూడోది రిలే. స్విచ్ డ్రైవర్ దగ్గర ఉంటుంది, లైటు బంపర్‌కు ఉంటుంది. రిలే లేకుంటే తొమ్మిది ఆంపియర్ల వైరు బానెట్‌లోంచి క్యాబిన్‌లోకి వచ్చి, స్విచ్ చుట్టూ తిరిగి మళ్లీ బయటికి పోవాలె. మా బండ్లో జరిగింది అదే. రిలే బానెట్ కిందనే పెడితే లావు వైరు అక్కడే ఉండిపోతుంది, క్యాబిన్‌లోకి వచ్చేది స్విచ్‌కు సరిపోయే కొంచెం కరెంటే. రిలే కాళ్లకు నంబర్లు ఉంటాయి. ఫ్యూజ్ దాటి వచ్చిన బ్యాటరీ వైరు 30కి, లైటుకు పోయేది 87కి. 85, 86లలో ఒకటి స్విచ్‌కు, ఒకటి బాడీ ఎర్త్‌కు. మా చిన్నోడు ఈ నాలుగు నంబర్లు ఒక్కసారి వింటే పట్టేసినాడు.

ఇప్పుడు పట్టీలు విప్పే పద్ధతి. మొట్టమొదట బ్యాటరీ మైనస్ తీయాలె. ప్లస్ ముందు తీస్తే, పానా బాడీకి తగిలిందంటే అక్కడే మెరుపు లేస్తుంది. మళ్లీ బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో పసుపు రంగు కనెక్టర్లు కనపడతాయి. వాటిని పీకొద్దు, టెస్టర్ పెట్టొద్దు, వాటి మీదుగా మన వైరు లాగొద్దు. అద్దం పక్కన నిలువు పట్టీ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే ఆ పట్టీ జోలికే పోవద్దు, కంపెనీ వర్క్‌షాపుకే పోండి.

పట్టీలు ఒకదాని అంచు మీద ఇంకొకటి కూర్చొని ఉంటాయి. ఆఖరున బిగించింది ముందు ఊడుతుంది, మిషన్ విప్పినట్టే. తలుపు గడప మీద పట్టీ ముందు, తర్వాత కాళ్ల పక్కన పట్టీ, తర్వాత తలుపు రబ్బరు కొంచెం పక్కకు లాగి అద్దం పక్క నిలువు పట్టీ. లాగే ముందు స్క్రూలు వెతకాలె. చిన్న ప్లాస్టిక్ మూత కింద, చెయ్యి పట్టుకునే పిడి లోపల దాచి పెడతారు. స్క్రూ ఉండగా లాగితే పట్టీ పగులుతుంది. డోర్ ప్యాడ్‌కు కూడా అంతే, పిడి, అద్దం తిప్పే హ్యాండిల్ తీసినాకనే కింది అంచు నుంచి లాగాలె.

ఇనుప స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు, పెయింట్ పోతుంది, ప్లాస్టిక్‌కు గాట్లు పడతాయి. ప్లాస్టిక్ పనిముట్లు అమ్ముతారు. మేము వెదురు బద్ద చెక్కి, అంచు నున్నగా చేసి వాడినాము. క్లిప్పు ఎక్కడుందో వేలితో తడిమి, దాని పక్కనే బద్ద పెట్టి నేరుగా ఎత్తాలె, దూరం నుంచి వంచి లాగొద్దు. చలికాలం పొద్దున్నే ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. మన రాయచూరు ఎండ దీనికి పనికొస్తుంది. ఎండ ఎక్కినాక చేస్తే ప్లాస్టిక్ కొంచెం మెత్తబడి విరగదు. అయినా ఒకటి రెండు క్లిప్పులు పోతాయి, పదింటిని ముందే కొని పెట్టుకోండి. తీసిన స్క్రూలు ఒక పాత చీర ముక్క మీద, తీసిన వరుసలోనే పెట్టినాము. మా ఇంటామె అటు కోళ్లు రాకుండా కాపలా కాసింది.

పట్టీలు తీసినాక వైరు వేసేముందు అక్కడి దూది, దుమ్ము అంతా బ్రష్‌తో తుడవాలె. బానెట్ నుంచి లోపలికి వైరు పోయే చోట కంపెనీవాళ్లు రబ్బరు బుషి పెట్టి ఉంటారు, ఆ రబ్బరులోంచే మన వైరు పోవాలె. కొత్తగా రేకుకు రంధ్రం వేస్తే దానికి రబ్బరు వేయకుండా వైరు లాగొద్దు. లోపలికి దూరే ముందు వైరును కొంచెం కిందికి వేలాడదీసి పైకి తేవాలె. వాన నీళ్లు వైరు వెంబడి లోపలికి రాకుండా ఆ వంపు దగ్గర కారిపోతాయి. వైరు మొత్తానికి మడతల ప్లాస్టిక్ గొట్టం తొడిగి, కంపెనీ వైర్ల కట్టకే టై వేసి కట్టేయాలె. బ్రేకు, క్లచ్ పెడల్ కడ్డీల దగ్గర, స్టీరింగ్ రాడ్డు దగ్గర, స్క్రూ దిగే చోట వైరు ఉండకూడదు.

అతుకుల సంగతి మనకు చెప్పనక్కర్లేదు. మిల్లులో నూలు తెగితే అతుకు బాగుంటేనే బట్ట బాగుంటుంది. వైరు గీకి, మెలేసి, టేపు చుట్టడం అతుకు కాదు. మన ఎండకు టేపు జిగురు కరిగి జారిపోతుంది. లగ్గు వేసి నొక్కే కటింగ్ ప్లేయరుతో గట్టిగా నొక్కి, దాని మీద వేడికి ముడుచుకునే గొట్టం వేయాలె. ఎర్త్ వైరుకు బాడీ మీద పెయింట్ గీకి, మెరిసే రేకుకు బోల్టు వేసి బిగించాలె. ఎర్త్ వదులైతే అక్కడా వేడి పుడుతుంది. ఫోను చార్జరుకు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైను తీసుకోండి, లేకుంటే రెండు రోజులు బండి నిలబెట్టినాక బ్యాటరీ దిగిపోయి తోసుకోవాలె.

అన్నీ అయినాక వెంటనే పట్టీలు బిగించొద్దు. బ్యాటరీ కలిపి, ఇంజను వేసి, లైట్లు, పాటలు, చార్జరు అన్నీ ఒక్కసారే పెట్టి పదిహేను నిమిషాలు నడవనీయండి. తర్వాత వైరు పొడవునా, అతుకుల మీద, ఫ్యూజ్ మీద చెయ్యి పెట్టి చూడండి. మిల్లులో బేరింగు వేడి చూసేవాళ్లం చూడండి, అట్ల. చెయ్యి ఓర్చుకోలేనంత వేడి ఉంటే ఎక్కడో తప్పు ఉంది. మా మేస్త్రి కళ్లు మూసుకొని వేళ్లతో వైరంతా తడిమి, "ఇప్పుడు మూసుకో" అన్నాడు. అప్పుడే పట్టీలు కూర్చోబెట్టినాము.

లైట్ల గురించి ఇంకో మాట. ఎదుటివాడి కళ్లల్లో కొట్టే ఎల్‌ఈడీ లైట్లు పెట్టకండి. 2024 జూలై నుంచి కర్ణాటక పోలీసులు రాష్ట్రమంతటా ఇట్లాంటి లైట్ల మీద కేసులు రాస్తున్నారు. కేసు అటుంచండి. మన రోడ్ల మీద రాత్రిపూట ఎద్దుల బండ్లు, సైకిళ్లు, షిఫ్టు దిగి ఇంటికి నడిచే మనలాంటివాళ్లు ఉంటారు. మంచు లైటు కిందికి, రోడ్డు మీదికి పడేటట్టు తిప్పి పెట్టండి. క్యాబిన్‌లో నీలం పట్టీ మావాడే తీసేసినాడు. అద్దంలో దాని నీడ పడి రోడ్డు కనపడదంట.

ఫ్యూజ్, రిలే, వైరు, గొట్టం, క్లిప్పులు అన్నీ కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు. ఒక ఆదివారం పట్టింది. ఆ రాత్రి ఇంకో బండికి కట్టిన కిరాయి దానికంటే ఎక్కువ.

మీ ఇంట్లో పికప్ ఉండి, దాంట్లో బయట షాపులో ఏదైనా తగిలించి ఉంటే, ఈ ఆదివారం బ్యాటరీ మైనస్ తీసి కాళ్ల దగ్గర పట్టీ ఒక్కటి విప్పి చూడండి. ఫ్యూజ్ ఉందా, వైరు రేకుకు ఒరుసుకుంటోందా, చుట్టూ దూది చేరిందా, ఈ మూడు చూస్తే చాలు. చేతనైతే చేసుకోండి, కాకుంటే తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఆయన రిలేకు ఇంకో ఏడు వందలు అడిగితే నా మాదిరి వద్దనొద్దు.

ఆ రైతు మళ్లీ మా బండికే సరుకు ఎత్తుతాడని నేను అనుకోలేదు. సంక్రాంతి అయినాక ఫోన్ చేసినాడు. ఎక్కే ముందు మావాణ్ణి ఒకటే అడిగినాడంట, "వైరు బాగుచేసినావా అప్పా?" అని. మావాడు కాళ్ల దగ్గర పట్టీ విప్పి చూపించినాడు. ఆయన వంగి చూసి, వేలితో ఒకసారి తడిమి, అప్పుడు బోరాలు ఎక్కించమన్నాడు.